2000లో ఆల్ గోర్ గెలిచి ఉంటే: కథలో మలుపు ఎక్కడ పెట్టాలి, 2006 నాటికి ఏం మారాలి?

గోదారిగట్టు (ప్రశ్న):

2000 నవంబర్ 7 అమెరికా ఎన్నికల్లో జార్జ్ డబ్ల్యూ. బుష్ బదులు ఆల్ గోర్ అధ్యక్షుడైనట్టు ఊహించి ఒక సీరియల్ రాస్తున్నాను. కథ 2000 నవంబర్ నుంచి 2006 మార్చి దాకా నడుస్తుంది. ప్రస్తుతానికి అనుకున్న దారి ఇది. డిసెంబర్ 12న అక్కడి సుప్రీంకోర్టు 5–4 తీర్పు గోర్ వైపు వస్తుంది. ఫ్లోరిడాలో ఆగిన లెక్కింపు మళ్లీ మొదలై గోర్ నెగ్గుతాడు. 2001లోనే వాతావరణ మార్పు మీది క్యోటో ఒప్పందం సెనెట్‌లో ఆమోదం పొందుతుంది. ఇరాక్ యుద్ధం ఉండదు. మనతో అణు ఒప్పందం మాత్రం యథాతథంగా జరుగుతుంది, 2006లో హైదరాబాద్‌కు బుష్ బదులు గోర్ వస్తాడు. హెచ్1బీ వీసాలు ఇంకా పెరుగుతాయి.

చదివేవాళ్లలో అక్కడి రాజకీయాలు బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడ పప్పులో కాలేశానో తేదీలు, అంకెలతో సహా చెప్పగలరా?

---

పాతలెక్కలు:

మీరు మలుపు పెట్టిన చోటే చిక్కుంది. కోర్టు తీర్పు తిప్పినంత మాత్రాన గోర్ గెలవడు, ఎందుకో వరసగా చెబుతాను.

డిసెంబర్ 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4–3తో ఇచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, యంత్రం అధ్యక్ష పదవికి ఏ ఓటూ గుర్తించని పత్రాలను రాష్ట్రమంతటా చేత్తో లెక్కించమని. అవి సుమారు 61 వేలు. మర్నాడే వాషింగ్టన్ నుంచి స్టే వచ్చి లెక్కింపు ఆగింది. తర్వాత పెద్ద పత్రికలు కలిసి షికాగో విశ్వవిద్యాలయ సర్వే సంస్థతో 1,75,010 పత్రాలు పరిశీలింపజేశాయి, 2001 నవంబర్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. కోర్టు చెప్పిన ఆ పత్రాలు మాత్రమే లెక్కిస్తే బుష్ ఆధిక్యం కొన్ని వందలతో నిలిచేదని తేలింది. గోర్ ముందుకు రావాలంటే రెండు చోట్ల గుర్తు పడి చెల్లకుండా పోయిన పత్రాలు కూడా చూడాలి. వాటిలో కొన్నింట్లో ఓటరు మనసు స్పష్టంగా తెలుస్తుంది. గోర్ పేరు పక్కన గుర్తు పెట్టి, కింద ఖాళీ గడిలో మళ్లీ గోర్ పేరే రాసినవాళ్లున్నారు. యంత్రానికి అది రెండు ఓట్లు. అవన్నీ కలిపితే, కొలబద్దను బట్టి గోర్‌కు 60 నుంచి 171 ఓట్ల ఆధిక్యం. కానీ గోర్ లాయర్లు వాటిని లెక్కించమని అడగనే లేదు. అంటే తీర్పు మారినా మీ నాయకుడు ఓడిపోయే అవకాశమే ఎక్కువ.

పోనీ 171తో గెలిచాడనుకోండి. నవంబర్ 26నే 537 ఓట్ల తేడాతో బుష్ ఎలక్టర్ల (రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల) సర్టిఫికెట్ మీద గవర్నర్ సంతకం పడింది. ఆ గవర్నర్ జెబ్ బుష్, అభ్యర్థికి స్వయానా తమ్ముడు. రాష్ట్ర శాసనసభ బుష్ పార్టీ రిపబ్లికన్ల చేతిలో ఉంది, తామే ఎలక్టర్లను నియమించే తీర్మానాన్ని డిసెంబర్ 12న ప్రతినిధుల సభలో నెగ్గించుకున్నారు కూడా. కాబట్టి జనవరి 6న కాంగ్రెస్ ముందుకు ఫ్లోరిడా నుంచి రెండు జాబితాలు వస్తాయి. అప్పుడు అమల్లో ఉన్నది 1887 నాటి చట్టం. ఏ జాబితా తీసుకోవాలో ఉభయ సభలూ ఒప్పుకోకపోతే గవర్నర్ ధ్రువీకరించినదే చెల్లుతుంది. సెనెట్ 50–50, అధ్యక్ష స్థానంలో ఉపాధ్యక్షుడిగా గోరే ఉన్నాడు కాబట్టి అక్కడ నెగ్గుకొస్తాడనుకుందాం. దిగువ సభలో రిపబ్లికన్లు 221. సభలు చీలతాయి, జెబ్ బుష్ సంతకం చెల్లుతుంది, బుష్ 271 ఎలక్టోరల్ ఓట్లతో గద్దెనెక్కుతాడు. ఈ గొడవ రాయాలనుంటే అది విడిగా గొప్ప కథే. మీకు కావాల్సింది గోర్ పాలన కాబట్టి మలుపును ఇంకా వెనక్కి, పోలింగుకు కొన్ని వారాల ముందుకు జరపండి. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ డిజైన్ చేసిన గది అందుకు సరైన చోటు.

1998లో రాష్ట్ర రాజ్యాంగ సవరణతో చిన్న పార్టీలకు బ్యాలెట్ మీదికి రావడం తేలికైంది. దాంతో 2000లో అధ్యక్ష పదవికి పది జంటల పేర్లు వచ్చిపడ్డాయి. వయసు మళ్లిన ఓటర్లు ఎక్కువగా ఉన్న కౌంటీ కదా, పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలని ఎన్నికల అధికారిణి వాటిని ఎదురెదురు పేజీల్లో పరిచారు. చిల్లులు మాత్రం మధ్యలో ఒకే నిలువు వరుసలో ఉన్నాయి. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుంటుంది, బటర్‌ఫ్లై బ్యాలెట్ అన్న పేరు అలా వచ్చిందే. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, రెండో పేరు గోర్. చిల్లుల్లో మొదటిది బుష్‌ది, రెండోది కుడి పేజీలో పైనున్న రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బ్యుకానన్‌ది, మూడోది గోర్‌ది. రెండో పేరు చూసి రెండో చిల్లు గుచ్చితే ఓటు బ్యుకానన్‌కు పోతుంది. పొరపాటు తెలిసి మూడోది కూడా గుచ్చితే పత్రం చెల్లదు.

ఆ కౌంటీలో ఇలా చెల్లకుండా పోయినవి 19 వేలకు పైనే. వాటిలో గోర్, బ్యుకానన్ రెండూ గుచ్చినవి 5 వేలు దాటాయి. బుష్, బ్యుకానన్ రెండూ గుచ్చినవి 1,600 పైచిలుకు. ఇవి కాక బ్యుకానన్‌కు నేరుగా పడ్డ 3,400 పైచిలుకు ఓట్లలో 2 వేల దాకా గోర్‌కు వేయబోయినవేనని గణాంక పరిశోధకులు లెక్కగట్టారు. అవి తనవి కాకపోవచ్చని బ్యుకాననే టీవీలో ఒప్పుకున్నాడు. ఈ కూడికలు తీసివేతలు చేసి, ఆ 537 కూడా పోగా, గోర్‌కు సుమారు 5 వేల ఆధిక్యం మిగులుతుంది.

మీ కథలో జరగాల్సిందల్లా ఇంతే. అక్షరాలు చిన్నవి చేసి పది పేర్లూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి వేస్తారు. తేడా అర శాతం లోపే కాబట్టి యంత్రాలతో తప్పనిసరి రీకౌంటింగ్ ఎలాగూ జరుగుతుంది. కానీ 60 లక్షల ఓట్లలో 5 వేల తేడా యంత్రం రెండోసారి లెక్కపెడితే చెరిగిపోదు.

ఒక జాగ్రత్త. పేర్లన్నీ ఒకే పేజీలో వేయకుండా రెండు పేజీలకు సాగదీయకండి. డువాల్ కౌంటీలో అదే చేశారు, పైగా నమూనా బ్యాలెట్ మీద ప్రతి పేజీలోనూ ఓటు వేయమని అచ్చువేశారు. మొదటి పేజీలో ఒకరికి, రెండో పేజీలో ఇంకొకరికి గుచ్చి సుమారు 22 వేల పత్రాలు చెల్లకుండా పోయాయి.

---

సెనెట్‌గ్యాలరీ:

పాతలెక్కలు గారి దారి పట్టండి. గెలిచిన మర్నాటి నుంచి మీకు ఎదురయ్యే అసలు అడ్డంకి సెనెట్.

గోర్‌తో ఉపాధ్యక్షుడిగా పోటీ చేసిన జో లీబర్‌మన్ అదే రోజు కనెక్టికట్ నుంచి సెనెట్‌కూ పోటీ చేసి గెలిచాడు. ఉపాధ్యక్షుడైతే ఆ సీటు వదులుకోవాలి. ఖాళీని భర్తీ చేసేది గవర్నర్ జాన్ రోలండ్, రిపబ్లికన్. తన పార్టీ మనిషినే వేస్తాడు. 50–50 కాస్తా 51–49 అవుతుంది. అంటే గోర్ గెలుపే సొంత పార్టీ డెమోక్రాట్ల చేతిలోంచి సెనెట్‌ను లాగేస్తుంది. మన చరిత్రలో 2001 మే నెలలో వెర్మాంట్ సెనెటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వదలడంతో సెనెట్ చేతులు మారింది. ఆయన అలగడానికి కారణం బుష్ పన్ను కోత, చదువులకు నిధులివ్వకపోవడం. గోర్ అధ్యక్షుడైతే ఆ కారణమే పుట్టదు.

ఇక విదేశీ వ్యవహారాల కమిటీ. దాని ఛైర్మన్ జెస్సీ హెల్మ్స్, నార్త్ కరోలినా. మన చరిత్రలో జెఫర్డ్స్ పుణ్యాన 2001 జూన్‌లో ఆ కుర్చీ జో బైడెన్‌కు వెళ్లింది. మీ కథలో హెల్మ్స్ 2003 జనవరిలో రిటైరయ్యేదాకా అక్కడే ఉంటాడు. ఏ ఒప్పందమైనా ఆయన బల్ల దాటి రావాలి, సభలో 67 ఓట్లు కావాలి. విదేశాంగ మంత్రిగా చాలామంది అనుకున్న పేరు రిచర్డ్ హోల్‌బ్రూక్. ఆయన్ను ఐక్యరాజ్యసమితి రాయబారిగా ఖాయం చేయడానికే ఆ సెనెట్ 1998 జూన్ నుంచి 1999 ఆగస్టు దాకా సాగదీసింది. గోర్ మంత్రివర్గం నెలల తరబడి ఖాళీ కుర్చీలతో నడిచే అధ్యాయం ఒకటి తప్పనిసరిగా రాయండి.

క్యోటో 2001లో ఆమోదం పొందడం అసాధ్యం. 1997 జులైలో బర్డ్–హేగెల్ తీర్మానం 95–0తో నెగ్గింది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు హద్దులు లేని ఏ వాతావరణ ఒప్పందాన్నీ అంగీకరించబోమని దాని సారం. ఒక్క డెమోక్రాట్ కూడా వ్యతిరేకంగా ఓటేయలేదు. బొగ్గు గనుల వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన రాబర్ట్ బర్డ్ గోర్ పార్టీవాడే. క్లింటన్ 1998లో సంతకం చేయించి కూడా ఒప్పందాన్ని సెనెట్‌కు పంపకుండా అట్టిపెట్టాడంటే ఇదే కారణం.

అలాగని ఏమీ మారదని కాదు. బుష్ 2001 మార్చిలో క్యోటోకు తలుపు మూసేశాడు. గోర్ మూయడు. హేగ్ సదస్సు 2000 నవంబర్‌లో విఫలమైంది, అడవులు పీల్చుకునే కార్బన్‌ను లెక్కలో ఎంత చూపించుకోవచ్చన్న పేచీ మీద అమెరికా, ఐరోపా విడిపోయాయి. 2001 జులైలో బాన్‌లో మళ్లీ కూర్చుంటారు. మీ కథలో అక్కడ అమెరికా ప్రతినిధులు నిజంగా బేరమాడతారు. కానీ అమల్లోకి రావడానికి 55 దేశాలు, 1990 నాటి పారిశ్రామిక దేశాల ఉద్గారాల్లో 55 శాతం ఆమోదం కావాలి. అమెరికా వాటా సుమారు 36 శాతం, రష్యా వాటా 17 పైన. అమెరికా సెనెట్ ఆమోదించనంత కాలం తాళంచెవి రష్యా దగ్గరే ఉంటుంది. మన చరిత్రలోనూ రష్యా 2004 నవంబర్‌లో ఆమోదించాకే 2005 ఫిబ్రవరి 16న అది అమల్లోకి వచ్చింది. గోర్ చేయగలిగింది ఇంటి లోపలి పని, విద్యుత్ కేంద్రాల నిబంధనలు, కార్ల మైలేజీ ప్రమాణాలు. అందులోనూ మైలేజీకి డెట్రాయిట్ కార్మిక సంఘాలు అడ్డుపడతాయి, వాళ్లూ గోర్ ఓటర్లే.

మారేవాటిలో నేను అన్నిటికన్నా పెద్దదిగా చూసేది డబ్బు. 2001 జనవరిలో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం పదేళ్లలో 5.6 లక్షల కోట్ల డాలర్ల మిగులు అంచనా వేసింది. బుష్ జూన్‌లో 1.35 లక్షల కోట్ల పన్ను కోత సంతకం చేశాడు. గోర్ ఎన్నికల్లో చెప్పింది సుమారు 50 వేల కోట్లు. టెక్ షేర్ల పతనం 2000 మార్చిలోనే మొదలైంది కనుక ఆ మిగులు ఎలాగూ కరుగుతుంది, కానీ ఇంత వేగంగా కరగదు.

---

గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా చాలా కృతజ్ఞతలు. లీబర్‌మన్ సీటు సంగతి నాకు తట్టనే లేదు. ఒక సందేహం. ఫ్లోరిడా జోలికే పోకుండా న్యూ హాంప్‌షైర్‌లో గోర్‌ను గెలిపిస్తే కథ ఇంకా సులువు కాదా? అక్కడ తేడా 7,211 ఓట్లే, గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 22 వేలు పడ్డాయి. ఇంకొకటి, సెప్టెంబర్ 11ను కథలో ఉంచాలా, తీసేయాలా?

---

పాతలెక్కలు:

న్యూ హాంప్‌షైర్ వైపు చాలామంది మొగ్గుతారు, కానీ అందులో ఒక గొయ్యి ఉంది. ఆ నాలుగు ఓట్లు ఇటొస్తే గోర్ 271, బుష్ 267. వాషింగ్టన్ నగర ఎలక్టర్ ఒకరు మన చరిత్రలోలాగే ఖాళీ పత్రం వేస్తే గోర్ గెలుపుకు కావాల్సిన 270 దగ్గర సరిగ్గా ఆగుతాడు. ఇంత సన్నని గెలుపు మీద రిపబ్లికన్ లాయర్లు చూస్తూ కూర్చోరు. న్యూ మెక్సికోలో గోర్ నెగ్గింది 366 ఓట్లతో, అక్కడ 5 ఎలక్టోరల్ ఓట్లు. అది తిరగబడితే బుష్ 272. అంటే ఫ్లోరిడా రభసను మీరు తప్పించలేదు, అల్బకర్కీకి తరలించారంతే. అయోవాలో 4,144, విస్కాన్సిన్‌లో 5,708 తేడాలు కూడా అప్పుడు బల్ల మీదికి వస్తాయి. పామ్ బీచ్ దారిలో గోర్‌కు 292 వస్తాయి. న్యూ మెక్సికో పోయినా చెక్కుచెదరడు.

ఇంకో పర్యవసానం రాసుకోండి. ఫ్లోరిడాలో నెల రోజుల రభస జరగకపోతే పంచ్ కార్డుల లోపం దేశం కళ్లబడదు. ఆ లోపమంతా చాడ్‌తోనే. చాడ్ అంటే ఓటరు కార్డును పుల్లతో గుచ్చినప్పుడు రాలాల్సిన అతి చిన్న కాగితపు ముక్క. కింద ట్రేలో పాత ముక్కలు పేరుకున్నా, లోపలి రబ్బరు పట్టీలు గట్టిపడినా పుల్ల పూర్తిగా దిగదు. ముక్క ఒక మూలన వేలాడుతుంది, లేదా రెండు మూలల మీద ఊగుతుంది, లేదా నాలుగు మూలలూ అంటుకునే ఉండి మధ్యలో ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఓటుగా లెక్కించాలా వద్దా అన్నదే బ్రోవర్డ్ కౌంటీలో భూతద్దాలు పట్టుకుని రోజుల తరబడి సాగిన తగువు. ఆ దృశ్యాలు టీవీలో రాకపోతే 2002 అక్టోబర్‌లో ఓటింగ్ యంత్రాలు మార్చే చట్టం రాదు. నిజానికి ఆ చట్టం వచ్చాక కూడా 2004లో ఒహాయోలో 88 కౌంటీలకు 69 పంచ్ కార్డులతోనే ఓటేశాయి. మీ కథలో 2004 ఎన్నిక దగ్గరి పోటీ అయితే ఆ గొడవ అక్కడ పేలుతుంది. వరసగా నాలుగోసారి ఒకే పార్టీ గెలవడం ట్రూమన్ తర్వాత ఎవరికీ దక్కలేదు కాబట్టి పోటీ దగ్గరగానే ఉంటుంది.

---

ఉత్తరవాకిలి:

సెప్టెంబర్ 11 గురించి. తీసేస్తే కథ తేలిపోతుంది, అలాగే ఉంచేస్తే గోర్ గెలుపుకు అర్థం లేకుండా పోతుంది. రెంటికీ మధ్య సరుకు చాలా ఉంది.

కుట్ర ఎన్నికకు ముందే నడుస్తోంది. తర్వాత హైజాకర్లైన అల్ హజ్మీ, అల్ మిధార్ 2000 జనవరిలోనే లాస్ ఏంజెలెస్‌లో దిగారు. విమానాలు నడిపినవాళ్లలో ముగ్గురు ఆ వేసవికల్లా ఫ్లోరిడాలో శిక్షణలో ఉన్నారు. కాబట్టి ఓట్ల పెట్టెతో కుట్ర మాయం కాదు. మారేది శ్వేతసౌధంలో మనుషుల కొనసాగింపు. ఉగ్రవాద నిరోధక సమన్వయకర్త రిచర్డ్ క్లార్క్ 2001 జనవరి 25న అల్ ఖైదా మీద మంత్రుల స్థాయి సమావేశం వెంటనే పెట్టాలని రాశాడు. అది జరిగింది సెప్టెంబర్ 4న. గోర్ బృందానికి ఈ విషయం కొత్త కాదు. 2000 అక్టోబర్ 12న ఏడెన్ రేవులో యూఎస్‌ఎస్ కోల్ మీద దాడిలో 17 మంది నావికులు చనిపోయారు. ఆ దాడికి బదులు ఇవ్వాలా అన్న ఫైలు గోర్ బల్ల మీద మొదటి వారమే ఉంటుంది. ఆయన 1996–97లో విమాన భద్రత కమిషన్‌కు ఛైర్మన్ కూడా. అయినా కాక్‌పిట్ తలుపులు గట్టి చేయించడం అప్పట్లో జరగలేదు, విమానయాన సంస్థలు ఖర్చులకు ఒప్పుకోవు. గోర్ అన్నీ ముందే కనిపెట్టినట్టు రాయకండి.

నన్నడిగితే ఆగస్టు నెల పట్టుకోండి. ఆగస్టు 16న మిన్నెసోటాలో విమాన శిక్షణకు వచ్చిన అల్ ఖైదా మనిషి మౌసావీ అరెస్టు. ఆ తర్వాతి వారం అల్ హజ్మీ, అల్ మిధార్ పేర్లు నిఘా జాబితాకెక్కాయి. ఈ రెండు కాగితాలు ఒకే బల్ల మీద కలిస్తే నాలుగు విమానాల్లో ఒకటో రెండో ఆగుతాయి. దాడి సగం జరుగుతుంది. అప్పుడు గోర్ మీద రిపబ్లికన్ల ఆరోపణ సులువుగా ఊహించవచ్చు: ఎనిమిదేళ్లు అధికారంలో ఉండి ఏం చేశారని. బుష్‌కు దక్కిన 90 శాతం ప్రజాదరణ గోర్‌కు దక్కదు. ఇది కథకు చాలా అవసరం.

అఫ్గానిస్థాన్ మీదికి గోర్ కూడా వెళ్తాడు. ఇరాక్‌కు వెళ్లడనే నేనూ అనుకుంటాను, 2002 సెప్టెంబర్ 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన చేసిన ప్రసంగమే సాక్ష్యం. కానీ మీరు ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధానికి 52–47తో అనుమతి వచ్చినప్పుడు అనుకూలంగా ఓటేసిన పది మంది డెమోక్రాట్లలో గోర్ ఒకడు. సద్దామ్‌ను దించడమే అమెరికా విధానమన్న 1998 చట్టం మీద సంతకం క్లింటన్‌ది. 2002 అక్టోబర్‌లో యుద్ధానికి 77–23తో అనుమతించిన సెనెట్‌లో 29 మంది డెమోక్రాట్లు సరే అన్నారు. ఆ తీర్మానాన్ని ముందుకు తెచ్చినవాళ్లలో లీబర్‌మన్ ఉన్నాడు, మీ కథలో ఆయన పక్క గదిలోనే కూర్చుంటాడు. అధ్యక్షుడు వద్దంటుంటే ఉపాధ్యక్షుడు కావాలంటున్న ప్రభుత్వం, నిషేధాలు సడలిపోతున్న బాగ్దాద్, రోజూ ఎగురుతున్న గస్తీ విమానాలు. యుద్ధం లేకపోవడమే ఇక్కడ కథ నడిపించాలి.

దౌత్యంలో నిజంగా వేరే దారి పట్టేది ఉత్తర కొరియా. 2000 అక్టోబర్‌లో విదేశాంగ మంత్రి మేడలిన్ ఆల్‌బ్రైట్ ప్యాంగ్యాంగ్ వెళ్లింది. క్షిపణుల ఒప్పందం సగం వండిన అన్నంలా ఉంది, క్లింటన్ సమయం చాలక డిసెంబర్ చివర్లో ప్రయాణం మానుకున్నాడు. గోర్ దాన్ని పొయ్యి మీంచి దించడు. 1994 ఒప్పందం ప్రకారం యాంగ్‌బ్యాన్‌లో సుమారు 8 వేల వాడేసిన ఇంధన కడ్డీలు తనిఖీదారుల కళ్ల ముందే ఉన్నాయి, ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె వెళ్తోంది. మన చరిత్రలో 2002 అక్టోబర్‌లో రహస్యంగా యురేనియం శుద్ధి చేస్తోందని గొడవ, నవంబర్‌లో నూనె బంద్, డిసెంబర్ చివర తనిఖీదారుల గెంటివేత, 2006 అక్టోబర్ 9న అణు పరీక్ష. మీ కథలోనూ యురేనియం రహస్యం ఉంటుంది, ఎందుకంటే పాకిస్తాన్ నుంచి అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ సాయం ఎన్నికతో సంబంధం లేకుండా అందింది. తేడా ఏమంటే, గోర్ గొడవపడుతూనే నూనె పంపుతాడు. ప్లుటోనియం కడ్డీలు కదలవు. 2006లో ఆ పరీక్ష జరగదు అని ధైర్యంగా రాయొచ్చు. అయితే ఆ 1994 ఒప్పందం ప్రకారమే కుమ్హోలో కట్టాల్సిన రెండు రియాక్టర్లు ఏళ్ల తరబడి ఆలస్యం, దానికి డబ్బు ఇవ్వనని రిపబ్లికన్ సెనెట్ మొండికేస్తుంది.

హైనాన్ సంగతి మరిచిపోకండి. 2001 ఏప్రిల్ 1న అమెరికా గూఢచారి విమానాన్ని చైనా ఫైటర్ ఢీకొంది, 24 మంది సిబ్బందిని 11 రోజులు ఉంచేసుకున్నారు. చైనా పైలట్లు అంతకు ముందు నెలల నుంచే మరీ దగ్గరగా ఎగురుతున్నారు. అదే రోజు కాకపోయినా అలాంటిది ఒకటి గోర్‌కూ ఎదురవుతుంది.

---

అణుపథం:

భారత్ భాగానికి వస్తాను. గోదారిగట్టు గారూ, మీ ప్లాన్‌లో నాకు అన్నిటికన్నా నమ్మశక్యం కానిది అణు ఒప్పందం యథాతథంగా జరగడం.

పౌర అణు సహకారం మీద భారత్, అమెరికా చేసిన 2005 జులై 18 ప్రకటన వెనక ఉన్న ఆలోచన బుష్ బృందానిది. చైనాకు సాటిగా భారత్‌ను పెంచాలి, అందుకు అణు నిబంధనలు పక్కన పెట్టినా ఫర్వాలేదు అన్నది వాళ్ల లెక్క. గోర్ చుట్టూ ఉన్నవాళ్లు 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత వాటిని ఖండిస్తూ ఐరాస 1172 తీర్మానం రాయించినవాళ్లు, అణు వ్యాప్తి నిరోధాన్నే బతుకుగా చేసుకున్నవాళ్లు. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందాన్ని సెనెట్ 1999 అక్టోబర్ 13న 48–51తో తిరస్కరించినప్పుడు, నేను గెలిస్తే మళ్లీ పంపుతానని గోర్ ప్రచార ప్రకటనలోనే చెప్పాడు. 67 కావాల్సిన చోట 48. అక్కడ నెగ్గలేడు. నెగ్గలేకపోయినా ఢిల్లీ మీద సంతకం కోసం ఒత్తిడి మాత్రం కొనసాగుతుంది. వాజ్‌పేయి ప్రభుత్వం ఒప్పందానికి అడ్డు రాము అన్న మాట దాకా వచ్చి ఆగింది. మన విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బట్ సంభాషణలు మీ కథలో ఇంకో రెండేళ్లు సాగించండి.

పరీక్షల తర్వాత పెట్టిన ఆంక్షల సంగతి వేరు. ఎత్తివేసే అధికారం 1999లోనే కాంగ్రెస్ అధ్యక్షుడికి ఇచ్చింది. అఫ్గానిస్థాన్ యుద్ధం వస్తే గోర్‌కూ పాకిస్తాన్ కావాలి, కాబట్టి 2001 సెప్టెంబర్ 22న మన చరిత్రలో జరిగినట్టే ఇద్దరి మీదా ఎత్తేస్తాడు. ఆ తర్వాత వాణిజ్యం, ఉమ్మడి సైనిక విన్యాసాలు పెరుగుతాయి. రియాక్టర్లు, ఇంధనం మాత్రం దొరకవు. తారాపూర్ యురేనియం కోసం రష్యా వైపు చూడాల్సిందే.

దీనికి మన తీరంలో కనిపించే ఫలితం కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లాలో ఆ చోటు అమెరికన్ రియాక్టర్ల పేరు మీద ఎంపికైంది 2008 ఒప్పందం వల్లే. మీ కథలో అక్కడ భూసేకరణ నోటీసులు, పునరావాస తగాదాలు ఆ రూపంలో ఉండవు.

---

సెనెట్‌గ్యాలరీ:

అణుపథం గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. డెమోక్రాట్లు ఒప్పందానికి పుట్టు వ్యతిరేకులన్నట్టు రాస్తే తప్పవుతుంది. ఈ ఒప్పందానికి అనుమతిచ్చే హైడ్ బిల్లు 2006 జులైలో దిగువ సభలో 359–68తో, నవంబర్‌లో సెనెట్‌లో 85–12తో నెగ్గింది. సెనెట్‌లో దాన్ని నడిపినవాళ్లలో బైడెన్ ఒకడు. అంటే కాంగ్రెస్‌లో గుమ్మం తెరిచే ఉంది. శ్వేతసౌధం నుంచి ఆ ప్రతిపాదన రాకపోవడమే గోర్ కాలంలో లోటు. ఇంకా కష్టం అప్పటికి 45 దేశాలున్న అణు సరఫరాదారుల బృందం, అందరూ ఒప్పుకుంటేనే మినహాయింపు. 2008 సెప్టెంబర్‌లో ఆస్ట్రియా, ఐర్లాండ్, న్యూజీలాండ్ చివరి నిమిషం దాకా బిగుసుకున్నాయి. బుష్ స్వయంగా ఒత్తిడి తెస్తేనే కదిలాయి. గోర్ అంత ఒత్తిడి తేడు.

హెచ్1బీ మీద మీ ఊహ మార్చుకోండి. కోటాను 1,95,000కు పెంచిన చట్టం మీద క్లింటన్ సంతకం 2000 అక్టోబర్ 17నే పడింది, ఎన్నికకు మూడు వారాల ముందు. అది 2001, 2002, 2003 ఆర్థిక సంవత్సరాలకే. ఎవరు గెలిచినా ఆ మూడేళ్లూ అదే కోటా, ఎవరు గెలిచినా కంపెనీలు కూలి ఆ కోటా నిండదు. 2003 అక్టోబర్‌లో 65 వేలకు పడిపోవడం కూడా తప్పదు, కార్మిక సంఘాలకు బాకీ ఉన్న గోర్ దాన్ని పొడిగించడానికి చేయి పెట్టడు. 2001లో బెంచ్ మీద కూర్చుని జీతం ఆగిన మన ఇంజినీర్ల కథ ఏ చరిత్రలోనైనా ఒకటే.

హైదరాబాద్ విషయం. బుష్ 2006 మార్చి 3న ఇక్కడికి వచ్చి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం చూశాడు. నగరంలో కాన్సులేట్ పెడతామని ప్రకటించింది ఆ ప్రయాణంలోనే. 2008 అక్టోబర్‌లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అది తెరిచారు. ముందు రోజు ఢిల్లీలో 22 రియాక్టర్లలో 14ను తనిఖీలకు తెరిచే ప్రణాళిక కుదిరింది, ఆ ఉత్సాహంలోనే ఈ ప్రయాణం. అణు ఒప్పందం లేకపోతే 2006 మార్చిలో అధ్యక్షుడు రావడానికి పనే లేదు. కథ 2009 దాకా సాగి మీ పాత్రల్లో ఎవరైనా వీసాకు వెళ్తే రైలెక్కించి చెన్నై పంపండి.

---

గోదారిగట్టు:

అయితే చివరి అధ్యాయం హైదరాబాద్‌లో కాదు, చెన్నై కాన్సులేట్ ముందు వరుసలో పెడతాను. ఇప్పుడు మొదటి అధ్యాయం. ఎన్నికల రాత్రిని హైదరాబాద్‌లో టీవీ చూస్తున్న ఒక పాత్ర కళ్లతో రాయాలని ఉంది. టైము ఎలా సరిచూసుకోవాలి?

---

పాతలెక్కలు:

నవంబర్‌లో అమెరికా తూర్పు తీరానికి మనం పదిన్నర గంటలు ముందు. అక్కడ 7వ తేదీ సాయంత్రం 7:50కి టీవీ చానళ్లు ఫ్లోరిడా గోర్‌దని ప్రకటించాయి. మనకు 8వ తేదీ బుధవారం పొద్దున 6:20. ఫ్లోరిడా పడమటి కొసన మధ్య కాలమానం కనుక అక్కడ పోలింగు ముగియడానికి ఇంకా పది నిమిషాలుంది, తర్వాత దీనిమీద పెద్ద రగడ అయింది. అక్కడ రాత్రి పది ప్రాంతంలో ప్రకటన వెనక్కి తీసుకున్నారు, మనకు ఎనిమిదిన్నర. అక్కడ తెల్లవారుజామున 2:16కి బుష్ గెలిచాడన్నారు, మనకు మధ్యాహ్నం 12:46. మళ్లీ అదీ వెనక్కి.

ఆ 2:16 ప్రకటన వెనక వొలూషియా కౌంటీ తప్పు కూడా ఉంది. ఒక ప్రాంతపు మెమరీ కార్డు లోపంతో గోర్ లెక్కలోంచి 16,022 ఓట్లు తీసేసినట్టు చూపింది. దాన్ని రాత్రే సరిచేశారు, తుది ఫలితం మీద ప్రభావం లేదు. మీ కథలో కూడా ఆ కార్డు పాడవనివ్వండి. అప్పుడు పామ్ బీచ్ బ్యాలెట్ సరిగ్గా ఉన్నా ఆధిక్యం ఒక గంటసేపు బుష్ వైపు ఊగుతుంది. పొద్దున 6:20కి గోర్ గెలిచాడని విని ఆఫీసుకు వెళ్లిన మీ పాత్ర, మధ్యాహ్నం భోజనం దగ్గర బుష్ పేరు వింటాడు. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెట్టేసరికి అక్కడ పొద్దు పొడుస్తూ ఉంటుంది, తెర మీద గోర్ 270 దాటాడని ఉంటుంది.